చుట్టకు ఐదడుగుల ఇల్లు

మా చిన్నాయన కొడుకు కెనడా పోయేముందు హైదరాబాద్‌లో గది ఖాళీ చేస్తూ మా ఇంటికి మూడు సామాన్లు తెచ్చాడు. పాత స్కూటీని చెల్లె తీసుకుంది. మిక్సీ అమ్మకు పోయింది. మిగిలిన పాము నా వాటాకు వచ్చింది.

అప్పుడు 2024 దసరా సెలవులు. తమ్ముడు కారులోంచి మూతకు బొక్కలు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా దించి, "అన్నా, నువ్వొక్కనివే భయపడవు, అందుకే నీకిస్తున్న" అన్నాడు. భయపడలేదన్నది నిజం కాదు. మోటార్ రివైండింగ్ షాపు నడిపేవాణ్ని, కరెంటుతో ఇరవై ఏండ్ల స్నేహం, షాకులకు అలవాటు పడ్డాను గాని పాములకు కాదు.

అది బాల్ పైథాన్, చిన్న రకం కొండచిలువ. ఊరు పశ్చిమ ఆఫ్రికా. భయమేస్తే తలను మధ్యలో దాచిపెట్టుకుని బంతిలాగ చుట్టుకుంటుంది కాబట్టి ఆ పేరు. విషం ఉండదు. నాలుగేండ్ల ఆడది, ముదురు గోధుమరంగు మీద పసుపు మచ్చలు. అమ్మ దూరం నుంచే చూసి, "గిదేంది బిడ్డా, సుట్టబట్ట లెక్క పన్నది" అంది. బిందె నెత్తిన పెట్టుకునేటప్పుడు కింద వేసుకునే గుడ్డచుట్ట ఎలా ఉంటుందో అచ్చం అట్లనే ఉంది మరి. ఆ రోజు నుంచి దాని పేరు చుట్ట.

అసలు సంగతిలోకి పోయేముందు ఒక మాట. పాముని పెంచుతున్నావంట అని తెలిశాక మా కాలనీ పిల్లడొకడు సీసాలో రెండు తలల పాము అని చెప్పి ఒక ఇసుక పామును పట్టుకొచ్చాడు, ఇది కూడా ఉంచుకో అన్నాడు. ఆ పాముకు రెండు తలలుండవు, తోక మొండిగా ఉండి తలలాగ కనిపిస్తుందంతే. మన నేల మీద పుట్టిన ఏ పామునూ ఇంట్లో పెంచుకోవడానికి లేదు. నాగుపామైనా, జెర్రిపోతైనా, ఇదైనా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమే. వాణ్ని ఏమీ అనకుండా ఫారెస్టు వాళ్ళకు ఫోన్ చేసి అప్పజెప్పించాను. చుట్ట లాంటి విదేశీ జాతుల లెక్క వేరు. 2022లో ఆ చట్టానికి చేసిన సవరణ, దాని కింద 2024 ఫిబ్రవరి చివర్లో వచ్చిన నిబంధనల ప్రకారం వాటిని కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. చేతులు మారితే ఆ సంగతీ చెప్పాలి. తమ్ముడు నమోదు ముందే చేయించాడు. నా పేరు మీదికి మార్చే పని పూర్తయ్యాకే డబ్బా దించాడు. కాగితం లేని పామును ఎవరు ఊరికే ఇస్తానన్నా తీసుకోకండి.

ఇక డబ్బా సంగతి. పొడవు రెండడుగులు, వెడల్పు అడుగున్నర, ఎత్తు అడుగు కన్నా తక్కువ. బట్టలు పెట్టుకునే రకం. దాని కింద హీట్ ప్యాడ్, లోపల పాత న్యూస్ పేపరు, ఒక నీళ్ళ గిన్నె, బోర్లించిన ప్లాస్టిక్ గిన్నె ఒకటి. తమ్ముడి మాట ప్రకారం పాముకు ఇరుకే ఇష్టం, పెద్ద జాగా ఇస్తే భయపడి తిండి మానేస్తుంది. నేనూ నమ్మాను. వందల పాములను అరల్లో పెట్టి పిల్లలు తీసే వ్యాపారులంతా అట్లాంటి డబ్బాల్లోనే పెంచుతారు, తింటాయి, గుడ్లూ పెడతాయి.

నవంబర్ గడిచేసరికి నాకు అనుమానం మొదలైంది. రాత్రి పది దాటితే చుట్ట బయటికొచ్చి డబ్బా అంచు వెంట తిరిగేది. తిరగడమంటే చూడముచ్చటగా కాదు. మూతకు ముక్కు ఆనించి, నెట్టి, మూల దాకా పోయి, మళ్ళీ ఇటు. గంట, గంటన్నర. కొద్ది రోజులకు ముక్కు మీద పొలుసులు గీరుకుని ఎర్రబడ్డాయి. డిసెంబర్‌లో ఒక పొద్దున చూస్తే మూత క్లిప్పు ఒకటి ఊడి ఉంది, డబ్బా ఖాళీ.

ఇంట్లో ఆ రోజు ఏం జరిగిందో వివరంగా రాయను. అమ్మ మంచం దిగలేదని మాత్రం చెప్తాను. చలికాలం కాబట్టి వెచ్చని చోటికే పోయి ఉంటుందని ఆలోచించి ఫ్రిజ్జు వెనక వెతికాను. కంప్రెసర్ పక్కన చుట్టుకుని ఉంది. దొరికిన చోటును బట్టి నాకు రెండు విషయాలు అర్థమయ్యాయి. ఒకటి, దానికి కావాల్సింది ఇరుకు, వెచ్చదనం, చీకటి. రెండు, ఆ ఇరుకు దాకా నడిచిపోవడానికి జాగా కూడా కావాలి. డబ్బా ఉన్న చోటి నుంచి నడవ దాటి పదిహేను అడుగులు పోయింది మరి.

కొత్త ఇల్లు కట్టాలని ఆ రోజే అనుకున్నాను. ఎంత పెద్దది అన్నదే ప్రశ్న.

యూట్యూబ్‌లో మూడు రాత్రులు చూశాను. అమెరికా వాళ్ళు చెప్తే గ్యాలన్లలో చెప్తారు. 20 గ్యాలన్లు, 40 గ్యాలన్లు. చేపల తొట్టి లెక్కను పాముకు అంటగట్టారు. నీళ్ళు పోసేది లేనప్పుడు గ్యాలన్లేంది అసలు? విప్పి చూస్తే 40 గ్యాలన్ల తొట్టి అంటే మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. ఇంకొందరు పాత సూత్రం చెప్తారు: పెట్టె పొడవు, వెడల్పు కలిపితే పాము పొడవంత ఉండాలి. అంటే నాలుగడుగుల పాముకు రెండున్నర పొడవు, అడుగున్నర వెడల్పు చాలు. ఈ మధ్య చాలామంది ఒప్పుకుంటున్నది వేరు: పాము తిన్నగా చాచుకుని పడుకోగలిగినంత పొడవైనా ఉండాలి. పెరిగిన బాల్ పైథాన్‌కు కనీసం 4 అడుగుల పొడవు, 2 వెడల్పు, 2 ఎత్తు. నాకు ఈ చివరి మాటే బుద్ధికి ఆనింది. పాము ఎప్పుడూ చుట్టుకునే ఉంటుంది కదా అని చుట్ట సైజుకు గూడు కొలవడం, మనిషి ఎక్కువసేపు కుర్చీలో కూర్చుంటాడు కదా అని కుర్చీ అంత గది కట్టినట్టు ఉంటుంది.

సరే, పాము పొడవు ఎంత? ఇక్కడ నేను పప్పులో కాలేశాను. జనవరిలో చుట్ట కుబుసం విడిచింది, తల నుంచి తోక దాకా ఒక్క ముక్కలో. టేపు పెట్టి కొలిస్తే 4 అడుగుల 9 అంగుళాలు. పోస్టర్ లాగ గోడకు అంటించి అందరికీ చూపించాను. ఇంకా పెరుగుతుంది కాబట్టి ఆరడుగుల పెట్టె కావాలని లెక్కేసుకున్నాను. మా వెనక గదిలో తలుపుకు, బీరువాకు మధ్య ఉన్న గోడ ఐదడుగుల నాలుగంగుళాలే. రెండు రోజులు బీరువా ఎక్కడ పెట్టాలన్న మీద ఇంట్లో పంచాయితీ నడిచింది.

మూడో రోజు అనుమానమొచ్చి పామునే కొలిచాను. పామును సాగదీసి టేపు పక్కన పెట్టడం కుదరదు, కండతో అది మనల్ని గెలుస్తుంది, గట్టిగా లాగితే వెన్నుకు దెబ్బ. నేల మీద దాని మానాన దాన్ని వదిలి, వెన్ను వెంట వంపులన్నీ పోయేట్టు నూలు దారం పరుచుకుంటూ పోయాను. చెల్లె అవతలి కొస పట్టుకుంది, కండ్లు మూసుకుని. మూడుసార్లు కొలిస్తే మూడుసార్లూ అంగుళం అటూ ఇటూగా 3 అడుగుల 10 అంగుళాలు. కుబుసం విడిచేటప్పుడు సాగుతుంది. పొలుసుల మధ్య మడతలుగా ఉండే చర్మం కూడా విప్పుకుని పరుచుకుంటుంది కాబట్టి పాము కన్నా కుబుసం ఎప్పుడూ పొడుగే. నా లెక్కలో దాదాపు అడుగు తేడా వచ్చింది. బీరువా బతికిపోయింది.

ఈ జాతిలో మగవి మూడు, మూడున్నర అడుగుల దగ్గర ఆగుతాయి, ఆడవి నాలుగు నుంచి ఐదు దాకా పోతాయి. చుట్టకు ఇంకొంచెం ఎదుగుదల ఉంది. నాలుగడుగుల పెట్టె అంటే బయటి కొలత. 18 ఎం.ఎం. ప్లైవుడ్ రెండు పక్కలా పోతే లోపల నాలుగడుగులకు అంగుళంన్నర తక్కువ. ఇవాళ్టికి సరిగ్గా సరిపోతుంది, రేపటికి కాదు. ఐదడుగులు చేయిస్తే గోడకు ఇరుక్కోకుండా పడుతుంది. తేల్చుకోవడానికి మా నల్గొండలో పానగల్ రోడ్డు వైపు ఉండే వడ్లాయన (వడ్రంగి) దగ్గరికి పోయాను.

దేనికని అడిగితే ముందు చెప్పలేదు, షోకేస్ అన్నాను. ఆయన నమ్మలేదు. "షోకేసుకు గాలి బొక్కలెందుకు సార్, కోళ్ళు పెడతవా?" అన్నాడు. పాముకని చెప్పాక ఒక నిమిషం నన్ను, ఒక నిమిషం నా బండిని చూసి, "బండిల లేదు గద?" అని అడిగాడు. లేదన్నాక చెవి మీది పెన్సిల్ తీసి ప్లైవుడ్ షీటు మీదే గీయడం మొదలుపెట్టాడు.

నాకు అంతవరకు తెలియని సంగతి ఆ గీతల్లో తెలిసింది. షీటు 8 అడుగులు, 4 అడుగులు. నాలుగు, రెండు, రెండు పెట్టెకు కింద, మీద, వెనక మూడు పలకలు 4×2వి, పక్కలకు 2×2వి రెండు. మొత్తం 32 చదరపు అడుగులు. షీటు మొత్తం కూడా 32. ముక్క మిగలదు. ప్రపంచమంతా ఆ సైజు చుట్టూ తిరగడానికి పాము శాస్త్రం ఎంత కారణమో, ఈ షీటు కొలత కూడా అంతే కారణమై ఉంటుందని నాకప్పుడే అనిపించింది. ఐదడుగులకు పోతే రెండో షీటు కొనాలి, ఇంకో మూడు వేల పైన.

వడ్లాయన ఇంకొక్క గీత గీశాడు. షీటును ఐదడుగుల దగ్గర కోసి నిలువునా చీలిస్తే 5×2వి రెండు వస్తాయి, కిందికీ మీదికీ. మిగిలిన మూడడుగుల ముక్కలో పక్కలు రెండు వస్తాయి. ఇంకా అడుగు వెడల్పు, నాలుగడుగుల పొడుగు పట్టీ మిగులుతుంది, మట్టి బయటికి రాకుండా ముందు అరడుగు అడ్డం కొట్టడానికి. "వెనకకు ఒక్కటే తక్కువ పడుతుంది సార్. మీ ఇంట్ల పాత పలకేదన్న ఉంటే తేరి" అన్నాడు.

షాపులో వైరు కొలిచే బల్ల ఉండేది. కాయిల్‌కు కావాల్సినంత రాగి వైరు పరుచుకుని కోసుకోవడానికి మా నాయన చేయించింది. ఒక అంచున అంగుళానికో గాటు, అడుగుకో పెద్ద గాటు. కాళ్ళు పుచ్చిపోయి మూల పడేశాం. పై పలక మాత్రం టేకు, చెక్కు చెదరలేదు. ఆ బల్ల మీద కాయిళ్ళకు వార్నిష్ పూసే పని ఎప్పుడూ చేయలేదు, లేకపోతే వాడేవాణ్ని కాదు. అది తీసుకుపోయి ఇచ్చాను. గాట్లు రందా పట్టి తీసెయ్యమంటారా అంటే వద్దన్నాను, నాయన చేతి పని.

ముందు అడ్డం పట్టీకి మాత్రం అడుగు అతుకు పడింది. ఇప్పటికీ వచ్చినవాళ్ళు ముందు దాన్నే చూస్తారు, తర్వాతే పామును.

గాజు తొట్టి చేయించవచ్చు కదా అని అల్యూమినియం పార్టిషన్లు చేసే స్నేహితుడన్నాడు. గాజు చూడటానికి బాగుంటుంది, నాలుగువైపులా కనిపిస్తుంది. పాముకు అదే ఇబ్బంది, నాలుగువైపులా తననే చూస్తున్నట్టుంటుంది. పైగా గాజు వేడిని ఆపదు, జాలీ మూత పెడితే తేమ అంతా పైకి పోతుంది. మూడువైపులా చెక్క, ముందు మాత్రం ఐదు ఎం.ఎం. గాజు పలకలు రెండు, జరిపేవి. వాటికి షోకేసులకు వేసే పళ్ళ తాళం. ఫ్రిజ్జు వెనక గుర్తొచ్చి రెండు తాళాలు తెచ్చాను. గాలికి ఒక కొసన కింద, ఇంకో కొసన పైన జాలీలు. వేడి గాలి ఒకవైపు పైనుంచి పోతుంటే, చల్లది రెండోవైపు కిందినుంచి వస్తుంది.

పెట్టె ఫిబ్రవరి నెలాఖరుకు ఇంటికి వచ్చింది. నీళ్ళతో కలిపే రకం పాలిష్ లోపల మూడు కోట్లు వేశాం, తేమకు ప్లై ఉబ్బకుండా. మూలల్లో సిలికాన్ పూశాం. సిలికాన్ ఆరేదాకా వెనిగర్ కంపు కొడుతుంది. ఆ కంపు ఉన్నంతసేపు పామును లోపల పెట్టొద్దు. నేను తలుపులు తీసి మూడు వారాలు ఆరబెట్టాను. ఆ మూడు వారాలూ చుట్ట డబ్బాలోనే, మూత మీద రెండు ఇటుకలతో.

వేడికి వంద వాట్ల సిరామిక్ బల్బు, వెలుతురు రాని రకం, చుట్టూ ఇనుప జాలీతో. పాము దాన్ని చుట్టుకుంటే కాలుతుంది, జాలీ తప్పనిసరి. వేడి చాలినంత కాగానే బల్బును ఆపే థర్మోస్టాట్ మాత్రం కోడిగుడ్ల ఇంక్యుబేటర్ సామాన్లు అమ్మే చోట కొన్నాను. పాములకని అమ్మే వాటిలో నాలుగో వంతు ధరకు వచ్చింది, పని అదే. కరెంటు పని చేసేవాడిగా ఒక్క సలహా ఇస్తాను: థర్మోస్టాట్ సెన్సార్ ఉన్నచోటి వేడినే చూస్తుంది, పాము ఉన్నచోటిది కాదు. మొదట పైన కట్టాను. పైన 32 చూపించి బల్బు ఆగిపోయేది, కింద మట్టి 27. సెన్సార్‌ను కిందికి తెచ్చి, వెచ్చని కొసన మట్టి పక్కనే, పాము కదిలించలేనట్టు బిగించాక సరిపోయింది.

ఇప్పుడు ఐదడుగుల ఉపయోగం కంటికి కనిపించింది. పాత డబ్బాలో ఒక కొసను 32 డిగ్రీలకు తెస్తే రెండో కొస 30 దగ్గర ఉండేది. ఆ రెండడుగుల్లో వెచ్చనా చల్లనా అని ఎంచుకునే వీలే లేదు. ఐదడుగుల పెట్టెలో వెచ్చని కొస 32, చల్లని కొస 26. పాము తన ఒంటి వేడిని తాను తయారు చేసుకోలేదు, తిన్నది అరగాలంటే వెచ్చటి చోటికి, చల్లబడాలంటే ఇవతలికి నడవాలి. పెట్టె పొడవు పాము పొడవు కోసమే అనుకున్నాను ఇన్నాళ్ళు. సగం దాని కోసం, సగం ఈ ఆరు డిగ్రీల కోసం.

మార్చిలో చుట్టను దింపాను. గృహప్రవేశం అనుకోండి. లోపల మూడంగుళాల కొబ్బరి పొట్టు, నర్సరీలో ఇటుకల్లా అమ్మేది, నీళ్ళలో నానబెట్టి పిండి పరిచాను. వెచ్చగా ఒక గూడు, చల్లగా ఒక గూడు, నీళ్ళ తొట్టి. మిగతాదంతా ఖాళీ మైదానం.

మూడు వారాలు ఒకే గూట్లోంచి బయటికి రాలేదు. పది రోజులకోసారి పెట్టే ఎలుకను మూడుసార్లూ ముట్టలేదు. తమ్ముడికి ఫోన్ చేస్తే, "చెప్పిన కదన్నా, పెద్దగయితే తినదని" అన్నాడు. తగ్గుతున్నదేమోనని కిరాణా షాపు కాంటా మీద గుడ్డసంచిలో తూచాను. 1,420 గ్రాములు. వారానికి 1,410. ఈ జాతి నెలల తరబడి పస్తుండగలదని తెలుసు, బరువు నిలబడితే కంగారు అక్కర్లేదనీ తెలుసు. తెలిసినా టెన్షన్ టెన్షనే.

తమ్ముడి మాటలో సగం నిజమే ఉంది. దానికి భయమేసింది. కాని జాగా ఎక్కువై కాదు, దాగే చోటు తక్కువై. ఒక గూటి నుంచి రెండో గూటికి పోవాలంటే మూడడుగుల ఖాళీ దాటాలి. అడవిలో ఎలుక బొరియల్లో, చెద పుట్టల్లో బతికే జీవి అది, మైదానం దాటడమంటే పైన గద్ద ఉన్నట్టే దానికి. పెట్టెను చిన్నది చెయ్యాల్సిన పని లేదు, నింపాలి.

మా వీధి చివర గౌడన్న ఉంటాడు, తాళ్ళు ఎక్కుతాడు. మూతి పగిలిన కల్లు లొట్లు రెండు అడిగి తెచ్చాను. మరిగే నీళ్ళతో కడిగి, వారం ఎండబెట్టి, మూతి ఇంకొంచెం పెద్దగా పగలగొట్టి, అంచు ఆకురాయితో అరగదీశాను. లొట్టి లోపల చుట్ట సరిగ్గా ఒదిగింది, ఒళ్ళు గోడలకు అన్ని వైపులా తగిలేట్టు. అట్లా తగిలితేనే దానికి ధైర్యం. తమ్ముడిచ్చిన ప్లాస్టిక్ గిన్నె పెద్దగా, వదులుగా ఉండేది. పెళ్ళి పందిళ్ళకు వాడే ప్లాస్టిక్ తీగలు మధ్యలో గుబురుగా వేశాను, ఎండిన తాటి మట్ట ముక్కలు అడ్డదిడ్డంగా. వెనక పలకకు, గాట్లకు కొంచెం కిందుగా, విరిగిన నులకమంచం పట్టె ఒకటి అడ్డంగా ఈ కొస నుంచి ఆ కొస దాకా బిగించాను. మూడంగుళాల వెడల్పు ఉంటుంది. బాల్ పైథాన్లు నేల మీదే ఉంటాయంటారు గాని ఎక్కే వీలుంటే ఎక్కుతాయి. ఎత్తు రెండడుగులు పెట్టించింది అందుకే.

పెట్టెలోకి చూస్తే ఇప్పుడు పాము కనిపించదు. ఇంటికొచ్చినవాళ్ళకు అదొక నిరాశ. నాలుగో రోజు రాత్రి ఎలుకను చిమ్టాతో అందిస్తే తీగల గుబురులోంచి ఒక్క దూకు దూకింది. అందుకే ఎవరైనా "ఎంత సైజు" అని అడిగితే నేను అడుగులు చెప్పి ఊరుకోను, అందులో ఏం పెడతావు అని ఎదురడుగుతాను.

తిండి గురించి అమ్మతో జరిగిన ఒప్పందం కూడా చెప్పాలి. గడ్డకట్టించిన ఎలుకలు ఆర్డర్ మీద వస్తాయి, డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలి. "నా ఫ్రిజ్జుల ఎలుకలా?" అన్న ఒక్క మాటతో ఆ అధ్యాయం ముగిసింది. షాపులో ఒక చిన్న సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్జు పెట్టాను. ఖర్చు లెక్క వేసేవాళ్ళు పెట్టె ఖర్చులో దీన్ని కూడా కలుపుకోండి. నాకు పెట్టె, గాజు, తాళాలు, కూలీ, వేడి సామాను కలిపి పద్నాలుగు వేలు దాటింది.

ఏప్రిల్ దాటాక అసలు పరీక్ష వచ్చింది. నేను చదివిందీ చూసిందీ అంతా చలిదేశాల వాళ్ళు చెప్పింది. గదిని ఎట్లా వెచ్చగా ఉంచాలి, చలికి ఏం చెయ్యాలి, ఇవే. నల్గొండలో మే నెలలో 44, 45 డిగ్రీలు కొడుతుంటే వేడి బల్బు ఎవనికి కావాలి? స్లాబు ఇల్లు, మధ్యాహ్నం మూడింటికి వెనక గదిలో 38. బాల్ పైథాన్ 35 దాటిన వేడిలో ఎక్కువసేపు ఉంటే ప్రాణం మీదికొస్తుంది. బల్బు ప్లగ్గు పీకేశాను. ఆరు డిగ్రీల తేడాను ఇప్పుడు తలకిందులుగా తేవాలి: ఒక కొసను వేడి చెయ్యడం కాదు, ఒక కొసను చల్లబరచడం.

మొదట స్టాండు తీసేసి పెట్టెను నేలకు దించాను, రెండు ఇటుకల ఎత్తులో. గదిలో కింద, పైన నాలుగు డిగ్రీల తేడా ఉంది. చల్లని కొసన కొబ్బరి పొట్టు తీసి షాబాద్ బండ ముక్క వేశాను. రాత్రి చల్లబడిన బండ మర్నాడు పదకొండు దాకా వేడెక్కదు, మా పాత ఇంట్లో మధ్యాహ్నాలు చాపైనా వేసుకోకుండా బండల మీదే పడుకున్న అనుభవం అది. గది కిటికీకి కూలర్ పెట్టాం. ఎండాకాలం మా దగ్గర గాలిలో తేమ ఉండదు, దీనికేమో 60 నుంచి 80 శాతం ఉండాలి. కూలర్ ఆ రెండు పనులూ ఒక్కసారే చేసింది. మనకు సాయంత్రానికి ఒళ్ళు జిగట, దానికి ఆఫ్రికా వానాకాలం. కరెంటు పోయిన మధ్యాహ్నాలకు లీటరు సీసాలో నీళ్ళు గడ్డకట్టించి, టవల్‌లో చుట్టి, చల్లని కొసన జాలీ అవతల పెట్టేవాణ్ని. ఒక సీసా మూడు గంటలు పనిచేస్తుంది. వెచ్చని కొస 33 ఉన్నప్పుడు కూడా ఇక్కడ 28 దాటలేదు.

ఇది రెండడుగుల డబ్బాలో చేయగలిగేవాణ్నా? సీసా పెడితే మొత్తం డబ్బా చల్లబడేది, తీస్తే మొత్తం వేడెక్కేది. పాముకు ఎంచుకునే వీలుండదు, నా అంచనా తప్పితే అది తప్పించుకోలేదు. చలిదేశం వాడికి నాలుగడుగులు చాలేమో గాని, ఎండాకాలం 45 చూసే ఊళ్ళో పెట్టె ఎంత పొడుగుంటే అంత మంచిదని నా అభిప్రాయం. మే నెలంతా చుట్ట పగలు బండ మీద లొట్టిలో, రాత్రి ఒంటిగంట దాటాక పెట్టె ఆ కొస నుంచి ఈ కొస దాకా షికారు. ముక్కు గీరుకోవడం మళ్ళీ కనిపించలేదు. జూన్‌లో విడిచిన కుబుసం కూడా నిండుగా వచ్చింది. ఈసారి కొలవలేదు.

శ్రావణంలో నాగుల పంచమికి అమ్మ పుట్టకు పోతూ నా గది ముందు ఆగింది. ఆఫ్రికాలో బెనిన్ అనే దేశం ఉందని, అక్కడ విదా అనే ఊళ్ళో ఈ జాతి పాములకే గుడి ఉందని అంతకు ముందే చెప్పి ఉన్నాను. "గుడి ఉన్నదన్నవు గద, మరి పాలు పొయ్యనా?" అంది. పాములు పాలు తాగవు, అరగవు అన్నాను. కాసేపు ఆలోచించి, గాజు పలకకు పసుపు బొట్టు పెట్టి పోయింది. ఇంకా తుడవలేదు.

ఆ వారమే ఒక రాత్రి వాన దంచి కొడుతూ కరెంటు పోయింది. లోపల వేడి ఎంతుందో చూద్దామని సెల్‌ఫోన్ లైటుకు గుడ్డ అడ్డం పెట్టి పెట్టె దగ్గరికి పోయాను. చుట్ట లొట్టిలో లేదు, తీగల్లో లేదు. పైకి చూస్తే మంచం పట్టె మీద ఉంది. మూడంగుళాల వెడల్పులో చుట్టుకోవడానికి వీల్లేదు కాబట్టి తిన్నగా, కర్రలాగ చాచుకుని పడుకుంది, గడ్డం పట్టెకు ఆనించి. దాని వెన్ను మీదుగా నాయన కొట్టిన గాట్లు. తోక కొస నుంచి మొదలుపెట్టి లెక్కపెట్టుకుంటూ పోయాను. నాలుగో పెద్ద గాటు దాటి ఒక చిన్న గాటు దగ్గర తల ఆగింది. 4 అడుగుల ఒక అంగుళం. తల అవతల ఇంకా జానెడు పైనే ఖాళీ పట్టె ఉంది.